నొబునాగా నో యబో (1983) తెలుగు అనువాదం: ఆదేశాలకు ఏ మాటలు వాడాలి?

పాతడిస్కు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. కోయెయ్ సంస్థ 1983 మార్చిలో విడుదల చేసిన మొదటి ‘నొబునాగా నో యబో’ ఆటను తెలుగులోకి తెచ్చే పని ఆరు నెలలుగా తీరిక వేళల్లో చేసుకుంటున్నాను. అభిమానం కొద్దీ చేస్తున్న పని ఇది, అమ్మే ఆలోచన లేదు. ఈ వరుసలో 1986లో వచ్చిన ‘జెన్‌కొకుబన్’, అంటే జపాన్ దేశమంతటినీ యాభై భాగాలుగా చూపిన ఆట, తరువాత ఇంగ్లీషులో అమెరికాకు వెళ్ళింది కాబట్టి చాలామందికి తెలుసు. నేను పట్టుకున్నది దానికి ముందున్న పదిహేడు భాగాల ఆట. ఇందులో పదహారో శతాబ్దపు జపాన్ ప్రభువులైన ఓడా నొబునాగాగా ఒకరు, టకెడా షింగెన్‌గా ఇంకొకరు ఆడవచ్చు. యుద్ధం ఎంత ముఖ్యమో, యుద్ధానికి ముందు బియ్యం, సొమ్ము, రైతుల మనసు చూసుకోవడం అంత ముఖ్యం. నాకు ఈ ఆట మీద ప్రేమ కలిగింది అందుకే.

నా ఇబ్బంది ఆదేశాల పట్టీ దగ్గర మొదలైంది. నిఘంటువు ముందు పెట్టుకొని ‘నీటి నియంత్రణ’, ‘భూమి అభివృద్ధి’, ‘పన్ను శాతం సవరణ’, ‘సైన్య సమీకరణ’ అని రాశాను. అర్థాలు తప్పు కావు. అయినా తెర మీద చూసినప్పుడు పదహారో శతాబ్దపు ప్రభువు తన మనుషులకు చెప్పే మాటల్లా అనిపించలేదు, కార్యాలయం గోడకు అంటించిన ప్రకటనలా కనిపించాయి. పైగా ఆ మాటలు తెర మీద ఉన్న చోటులో పట్టడం లేదు. ఈ రెండు ఇబ్బందులకూ మీ సలహాలు కావాలి.

చుక్కలలెక్క

చోటు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మాటల ఎంపిక చివరికి దాని మీదే ఆధారపడుతుంది.

ఈ ఆట నడిచే పీసీ-8801 అనే పాత జపనీయ కంప్యూటరులో అక్షరాలు యంత్రంలోని రోమ్ (చదవడమే తప్ప మార్చలేని జ్ఞాపకం) నుండి వస్తాయి. వాటి ఆకారాన్ని మనం మార్చలేము. ఒక్కో అక్షరం ఒక్క బైటు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు పోగా మిగిలిన చోటులో కటకానా, అంటే పలుకును బట్టి రాసే జపనీయ లిపి ఉంటుంది. 1981లో వచ్చిన తొలి పీసీ-8801కు కాంజీ (జపనీయంలో వాడే చైనా అక్షరాలు) రోమ్ విడిగా కొనుక్కోవలసిన వస్తువు. 1983 చివర్లో వచ్చిన మార్క్ టూ నుండి అది యంత్రంతోపాటే వచ్చింది. కాబట్టి ఆ ఏడాది మార్చిలో బయటికి వచ్చిన ఆట కటకానా మీద ఆధారపడడం సహజం. అందులోనూ ఒక మెలిక ఉంది. ఈ ఒక్క బైటు కటకానాలో ‘గ’, ‘బ’ వంటి నాద ధ్వనులకు విడి అక్షరాలు లేవు. ‘క’ రాసి దాని పక్కన రెండు చిన్న గీతల గుర్తును మరో బైటుగా పెడితే అది ‘గ’ అవుతుంది. నొబునాగా పేరు వినడానికి నాలుగు అక్షరాలే అయినా, అందులో బ, గ రెండూ ఉన్నందువల్ల ఆరు బైట్లు తీసుకుంటుంది. అనువాదానికి వాక్యాల పొడవు లెక్కపెట్టుకునేటప్పుడు చాలామంది ఇక్కడే పొరబడతారు.

తెలుగును ఈ పద్ధతిలో చూపడం అసాధ్యం. బొమ్మల తెర మీద గీసుకోవలసిందే. రంగులతో వాడితే ఆ తెర 640 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు. ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు రెండింతలకు పైగా ఉంటుంది. అంటే మన గుండ్రని అక్షరాలు గుండ్రంగా కనబడాలంటే అడ్డంగా ఎక్కువ చుక్కలు, నిలువుగా తక్కువ చుక్కలు వాడాలి. నేను కాగితం మీద గడులు గీసి ప్రయత్నించాను. ఒత్తు లేని తెలుగు మాట పది వరుసల ఎత్తులో ఇముడుతుంది. తలకట్టుకు రెండు, అక్షరం ఒంటికి ఏడు, కింది మాటకు తగలకుండా ఒకటి. ఒత్తు వచ్చిందంటే పధ్నాలుగు వరుసలు కావాలి, లేకపోతే ‘ట్ట’కూ ‘డ్డ’కూ తేడా తెలియదు. పది వరుసల చొప్పున తెర మీద ఇరవై వరుసల పాఠం పడుతుంది. పధ్నాలుగు చొప్పున పధ్నాలుగే పడుతుంది. యంత్రం సొంత అక్షరాలతో అయితే ఇరవై అయిదు వరుసల దాకా పడతాయన్న సంగతి గుర్తు పెట్టుకోండి.

‘నియంత్రణ’లోని ‘త్ర’ను గీయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ర ఒత్తు ఎడమ నుండి చుట్టుకొని అక్షరం కిందికి వస్తుంది కదా, ఆ వంపును నాలుగు వరుసల్లో చూపబోతే అది కింద పడిన గీతలా మిగిలింది.

తెనుగుమాట

చుక్కలలెక్క గారు చెప్పినది చదివాక నాకు ఒక విషయం తోచింది. ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉండేవి మన కార్యాలయాల భాషలోకి సంస్కృతం నుండి తెచ్చుకున్న పెద్ద మాటలు. పొలంలోనూ కచేరీ సావడిలోనూ జనం వాడిన మాటలు చాలావరకు పొట్టివి, ఒత్తులు ఉన్నా జంట అక్షరాలే. సీమ, నాడు, దండు, బీడు, వేగు, కోరు, దూత, కోట: వీటిలో ఒక్క ఒత్తు లేదు. పాతడిస్కు గారి రెండు ఇబ్బందులూ నిజానికి ఒకటే. ప్రభువు నోట పలికేలా ఉన్న మాటే తెర మీద పట్టే మాట.

‘భూమి అభివృద్ధి’ అన్న చోట జపనీయ మాట ‘కైకొన్’ అయితే, దాని అర్థం అడవినో బంజరునో కొట్టి సాగులోకి తేవడం. మన వాళ్ళు ‘బీడు కొట్టించు’ అంటారు. సైన్య సమీకరణకు ‘దండు కూర్చు’ చాలు. గూఢచారికి ‘వేగు’. కవిత్రయం నాటి నుండి ఉన్న మాట, ఇప్పటికీ వేగులవాడు అంటే అందరికీ తెలుసు.

దేశ భాగానికి అక్కడ ‘కుని’ అంటారని విన్నాను. కోయెయ్ వారు ఇంగ్లీషులో దానికి ‘ఫీఫ్’ అన్న మాట పెట్టుకున్నారు. యూరప్ సామంత పద్ధతి అంతా ఆ మాటతోపాటు వచ్చి కూర్చుంటుంది. మనకు అంత అవసరం లేదు. పలనాడు, వెలనాడు, రేనాడు, పాకనాడు అని మన పాత ప్రాంతాలకు పేర్లు ఉన్నాయి. ఏ రాజు ఏలినా పేరు మారని ప్రాంతం నాడు. జపాన్ వారి కుని కూడా అటువంటిదే అయితే ‘నాడు’ సరిపోతుంది.

యొకొహమనుండి

నేను పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. ‘కుని’కి నాడు చక్కగా సరిపోతుంది. ఆ ప్రాంతాలు క్రీస్తుశకం ఏడో, ఎనిమిదో శతాబ్దాల నాటి పరిపాలనా విభాగాలు. ప్రభువులు మారినా పేర్లు నిలిచాయి, పందొమ్మిదో శతాబ్దపు మెయ్‌జీ కాలంలో జిల్లాలు వచ్చాక కూడా ఊర్ల పేర్లలోనూ రైల్వే స్టేషన్ల పేర్లలోనూ మిగిలాయి.

పేర్ల సంగతి ఒకటి మనవి చేయాలి. మనం ‘టకెడా’, ‘ఓడా’, ‘నొబునాగా’ అని రాస్తున్నది ఇంగ్లీషు స్పెల్లింగును చదివి. జపనీయంలోని త, ద మన దంత్యాలే, ట, డ కావు. అచ్చులు చూస్తే ఇంగ్లీషు కంటే తెలుగే ఎంతో నయం, ఎందుకంటే ఎ, ఒ లలో హ్రస్వ దీర్ఘాల తేడా రెండు భాషలకూ ఉంది, ఇంగ్లీషు లిపికి లేదు. ఇంగ్లీషులో ‘ఓ’తో మొదలయ్యే రెండు నాడుల పేర్లు చూడండి: ఒకటి ‘ఒవరి’, హ్రస్వం, రెండవది ‘ఓమి’, దీర్ఘం. తెలుగులో రాస్తే ఏ గుర్తూ అక్కర లేకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అదే విధంగా ఒద నొబునగ, తకెద షింగెన్, ఎచిగొ, మికవ. ద్విత్వాలు కూడా అంతే. రైతుల తిరుగుబాటును ‘ఇక్కి’ అంటారు, అందులో క్క పలుకుతుంది, మనం రాస్తాము. పేర్లను మూలంలో ఉన్నట్టు రాయగలిగే అవకాశం మన లిపికి ఉన్నప్పుడు దానిని వదులుకోవద్దని నా మనవి. ఆట పేరు కూడా ‘నొబునగ నొ యబో’ అవుతుంది.

ఆట అంతా కటకానాలో ఉన్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంటుంది. కాంజీ ఉంటే కంటికి తెలిసిపోయే తేడా కటకానాలో తెలియదు. షింగెన్ నాడు పేరు ‘కై’. కొనుగోలు అన్న మాట కూడా ‘కై’యే. బియ్యం బేరం దగ్గర ఆ రెండక్షరాలు కనబడితే అర్థం సందర్భాన్ని బట్టి చూసుకోవాలి. నొబునగ సొంత నాడు ‘ఒవరి’. ‘అయిపోయింది, ముగింపు’ అనడానికి కూడా ‘ఒవరి’ అనే రాస్తారు. యంత్రానువాదానికి ఇచ్చి చేసే వారు ఇక్కడ తప్పకుండా దెబ్బ తింటారు.

చెరువుకట్ట

తెనుగుమాట గారి జాబితాలో ‘కోరు’, అంటే పంటలో వంతు, ఉంది. అది కోస్తా వైపు మాట. మా కరీంనగర్ పల్లెల్లో పొలం పాలుకు ఇచ్చారంటారు, కోరు అంటే చాలామందికి తెలియదు. ఆట ఒక జిల్లా వారికి కాదు కదా. ‘శిస్తు’ అంటే అటూ ఇటూ అందరికీ తెలుసు. దానిలో ఒక త ఒత్తు ఉంది, అంతవరకు భరించవచ్చు.

నీటి ఆదేశానికి నా మొదటి ఆలోచన ‘కట్ట వేయించు’. కానీ మాకు కట్ట అంటే చెరువు కట్ట, నీళ్ళు నిలపడానికి. అక్కడ కావలసినది వరదను ఆపడమా, నీరు నిలపడమా? అది తెలిస్తేనే మాట చెప్పగలను.

యొకొహమనుండి

వరద. మూల పదం ‘చిసుఇ’, నీటిని అదుపులో పెట్టడం అని అర్థం. ఈ ఆదేశానికి నిజమైన చరిత్ర ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కై నాడు చుట్టూ కొండలు ఉన్న పళ్ళెం వంటి ప్రాంతం, నేటి యమనషి. కొండల నుండి దిగే కమనషి, మిదై నదులు కలిసే చోట ప్రతి వరదకూ పొలాలు కొట్టుకుపోయేవి. షింగెన్ అక్కడ వేయించిన కట్టను ఈనాటికీ ‘షింగెన్ కట్ట’ అనే పిలుస్తారు. నేను రెండు సార్లు వెళ్ళి దాని మీద నడిచాను. మనం ఊహించుకునే ఒకే పొడవాటి గోడ కాదు. ముక్కలు ముక్కలుగా, ఒకదాని తోక ఇంకొకదాని తలను కొద్దిగా దాటేలా వేసిన కట్టలు. వరద వచ్చినప్పుడు నీరు ఆ సందుల గుండా వెనక్కి మళ్ళి పొలాల వైపు నెమ్మదిగా పరుచుకుంటుంది, వరద తగ్గాక అదే దారిన నదిలోకి తిరిగి వస్తుంది. ప్రవాహం వేగం విరుగుతుంది, కట్ట తెగదు. ఒడ్డున పెద్ద చెట్లు ఉన్నాయి, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయని నాటినవి.

ఆట తయారు చేసిన ఎరికవ యోఇచి గారు, అంటే ‘షిబుసవ కో’ అన్న కలం పేరుతో అందరికీ తెలిసిన వ్యక్తి, ఈ చరిత్ర చదువుకున్న మనిషి. 1981లో ఆయన చేసిన మొదటి యుద్ధపు ఆట షింగెన్, ఉఎసుగి కెన్షిన్‌లు పోరాడిన కవనకజిమ మీదే. పోరు గెలిచే ప్రభువు కంటే ముందు వరదను గెలిచే ప్రభువు ఉండాలన్నది ఈ ఆట పట్టుకున్న విషయం. ఆ ఒక్క ఆదేశం మాట తప్పితే ఆట సగం పోతుంది.

చెరువుకట్ట

అయితే ‘కరకట్ట’. కృష్ణ, గోదావరి ఒడ్డున వరద ఆపేది కరకట్టే. మా వైపు రోజూ వాడకపోయినా పత్రికల్లో చదివి అందరికీ తెలుసు.

తెనుగుమాట

కరకట్ట నాకూ పూర్తిగా సమ్మతం. కోరు విషయంలో నేను మా ప్రాంతం దాటి ఆలోచించలేదు, చెరువుకట్ట గారి మాట సరైనది. శిస్తు వేసేది సొమ్ములో కదా, అక్కడ కట్టేది బియ్యం కదా అన్న సందేహం మాత్రం ఉంది. ‘నెంగు’ అన్న అక్కడి పన్ను పంటలో వంతు. నాలుగు పాళ్ళు ప్రభువుకు, ఆరు పాళ్ళు ప్రజకు అన్న సామెత వంటి మాట ఒకటి వారికి ఉందని చదివాను. అంకె పక్కన ‘పాళ్ళు’ అని వస్తే సరిపోతుంది: ‘శిస్తు: 4 పాళ్ళు’.

ఇక బియ్యం కొలత. ‘కొకు’ను ‘పుట్టి’ అని మార్చమని ఒక మిత్రుడు సూచించాడు. వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. మీరేమంటారు?

కొత్తసభ్యురాలు

నేను ఇటీవలే చేరాను, జపనీయ భాష రెండవ స్థాయి పరీక్షకు చదువుతున్నాను. పెద్దలతో విభేదించవలసి వస్తున్నందుకు మన్నించండి, పుట్టి వద్దని నా అభిప్రాయం.

కొకు సుమారు 180 లీటర్లు. ఒక మనిషి ఏడాది పొడవునా తినే బియ్యం అని లెక్క. ఆ లెక్క వల్లనే ఒక నాడు బలాన్ని కొకుల్లో చెప్పేవారు. ఇన్ని కొకులు అంటే ఇంతమందికి తిండి, అంటే ఇంత దండు. మన పుట్టి ఇరవై తూములు, తూము నాలుగు కుంచాలు, కుంచం కొలత ఊరికీ ఊరికీ మారుతుంది. మనిషి ఏడాది తిండితో దానికి ముడి లేదు. కొకును పుట్టి చేస్తే ఆటలోని అంకెలన్నీ అర్థం కోల్పోతాయి. చేసే పనులకు తెలుగు క్రియలు పెడదాము. అక్కడి మనుషులు, ఊర్లు, కొలతలు అక్కడివిగానే ఉండనిద్దాము. నాడు అన్నది ఒక సాధారణ మాట కాబట్టి అడ్డు లేదు. ‘దైమ్యో’ను, అంటే నాడును ఏలే ప్రభువును, మాత్రం పాళెగాడు అనో నాయకుడు అనో మార్చకూడదు. పాళెగాడు అనగానే చదివేవారికి రాయలసీమ కళ్ళ ముందు నిలుస్తుంది, ఒవరి కనబడదు.

తెనుగుమాట

మన్నింపు అవసరం లేదమ్మా. కొకు, ఒక మనిషి ఏడాది తిండి అన్న ఆ ఒక్క మాటతో నా మనసు మారింది. దానిని ఆట మొదట్లో ఒక వాక్యంగా చూపిస్తే తక్కినదంతా ఆటగాడే గ్రహిస్తాడు.

ఒక చిన్న మాట, విషయానికి దూరం కాదనుకుంటాను. నొబునగ ఒకెహజమ దగ్గర గెలిచింది 1560లో, నాగషినో పోరు 1575లో. ఆ రెంటి నడుమ 1565లో ఇక్కడ రక్కసి తంగడి యుద్ధం జరిగింది. ఒకే కాలపు మాటలు కాబట్టే దండు, వేగు, కోట వంటివి అంత సులువుగా అతుకుతున్నాయని నాకు అనిపిస్తోంది. కానీ అతకడం వేరు, ఆక్రమించడం వేరు. కొత్తసభ్యురాలు గీసిన గీత సరైన చోట ఉంది.

వేదిక నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క నియమం గుర్తు చేయాలి. ఆట హక్కులు ఇంకా అమలులో ఉన్నాయి. జపాన్ చట్టంలో సంస్థ పేరుతో వెలువడిన కృతికి ప్రచురణ నాటి నుండి 70 ఏళ్ళ రక్షణ ఉంది. కాబట్టి ఆట డిస్కు ప్రతిని గానీ దాని లంకెను గానీ ఇక్కడ పెట్టరాదు. మీరు రాసిన తెలుగు పాఠం, అక్షరాల బొమ్మలు, మార్పుల దస్త్రం వరకు పంచుకోవడం అభిమాన అనువాదకుల్లో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ, కానీ అది చట్టం ఇచ్చిన అనుమతి కాదు. అసలు ఆటను సొంతంగా సంపాదించుకున్న వారే దానిని వాడుకోవాలి.

చుక్కలలెక్క

ఆట బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది కావడం మనకు సగం మేలు, సగం కీడు. మేలు ఏమిటంటే, పాఠం కోసం యంత్ర భాషను తవ్వనక్కర లేదు, ‘లిస్ట్’ అన్న ఆదేశం కొట్టి ప్రోగ్రామునే చదువుకోవచ్చు. దాచిపెట్టే రూపంలో భద్రపరిచిన ప్రోగ్రాము అయితే లిస్ట్ ఒప్పుకోదు, ముందు ఆ తాళం విప్పుకోవాలి.

కీడు ఇది. ఆ కాలపు బేసిక్‌లో చోటు పొదుపు కోసం పేర్లన్నింటినీ ఒకే పొడవాటి అక్షరాల తీగలో వరసగా రాసి, ‘మిడ్’ అన్న ఆదేశంతో నాలుగేసి, ఆరేసి అక్షరాల చొప్పున కోసుకునే అలవాటు ఉంది. ఒక పేరు ఒక్క బైటు పెరిగినా తరువాతి పేర్లన్నీ జరిగి తలా తోకా కలిసిపోతాయి. ఇటువంటి చోట పేరు బదులు ఒక సంఖ్య పెట్టి, ఆ సంఖ్యకు తగిన తెలుగు బొమ్మను డిస్కు నుండి తెచ్చి ‘పుట్’ అన్న ఆదేశంతో తెర మీద వేయించడం మంచిది. అక్షరం అక్షరంగా కూర్చడం కంటే మాట మొత్తాన్ని ఒకే బొమ్మగా దాచుకుంటే ఒత్తుల బెడద కూడా తగ్గుతుంది, ‘కరకట్ట’లో ట ఒత్తును పక్క అక్షరం కిందికి కొంచెం జరిపి గీసుకోవచ్చు. ఆదేశాలు పరిమితమే కనుక చోటు సరిపోతుంది.

వేగం గురించి ముందే చెబుతున్నాను. రంగు తెరకు మూడు పొరల జ్ఞాపకం ఉంటుంది. మూడింటిలోనూ గీస్తే పట్టీ మెల్లగా పరుచుకుంటుంది. తెలుగు మాటలను ఒకే పొరలో, ఒకే రంగులో ఉంచండి.

పాతడిస్కు

రెండు వారాల తరువాత వస్తున్నాను. మీరు చెప్పినవన్నీ చేసి చూశాను, ఎమ్యులేటరులో, అంటే నేటి కంప్యూటరు మీద పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో, పట్టీ నిలబడింది. చర్చ శీర్షికలో పేరు పాత రాతలోనే ఉండిపోయింది. నిర్వాహకులు వీలు చూసి నొబునగ అని మార్చవలసిందిగా కోరుతున్నాను.

ఇప్పుడు తెర మీద ‘దండు నడుపు’, ‘పోరు’, ‘శిస్తు’, ‘కరకట్ట’, ‘బీడు కొట్టించు’, ‘బియ్యం బేరం’, ‘వేగు’, ‘ప్రజకు పంచు’ అని ఉన్నాయి. ‘పోరు’కు ముందు ‘యుద్ధం’ అని పెట్టాను, ధ ఒత్తు కింద వరుస మీదికి వచ్చి పడింది, తీసేశాను. ‘ప్ర’ ఒక్కటి ఇంకా ఇరుకుగానే ఉంది. ‘జనానికి పంచు’ అంటే ఒత్తు పోతుందని ఇప్పుడే రాస్తుండగా తోచింది, అలాగే మారుస్తాను. ‘కరకట్ట’ను మాత్రం చుక్కలలెక్క గారు చెప్పినట్టు ఒకే బొమ్మగా గీశాను. మొత్తం పన్నెండు వరుసల ఎత్తులో పట్టింది, ట ఒత్తు స్పష్టంగా తెలుస్తోంది. కై నాడుతో మొదటి ఆదేశంగా దానినే ఇచ్చాను.

మిగిలినది వంతు ముగించే ఆదేశం. యొకొహమనుండి గారు హెచ్చరించిన ‘ఒవరి’యే ఎదురైంది, నొబునగ నాడు పేరు పక్కనే ఉంటే చదివేవారు తడబడతారు. ‘ముగింపు’, ‘సమాప్తం’ రెండూ ప్రయత్నించాను. ఆట మొత్తం అయిపోయిందన్న భావం వస్తోంది. ఈ కాలానికి ఇక పనులు లేవు, పక్క ప్రభువు వంతు రానివ్వు అని చెప్పాలి.

చెరువుకట్ట

‘చాలు’.

యొకొహమనుండి

‘చాలు’ పెట్టండి. ఒత్తు లేదు, రెండే అక్షరాలు, ప్రభువు చేయి ఎత్తి చెప్పే మాటే. ఇద్దరు ఆడేటప్పుడు యంత్రం ముందు కూర్చున్నవారు పైకి అనే మాట కూడా అదే అవుతుంది.